తొలి గుప్పెడు ఉప్పు

నలుగురు నీళ్లలో, నలుగురు ఎండలో. ఎండలో ఉన్నవాళ్లు ఆగేదాకా నీళ్లలో ఉన్నవాళ్లు ఒడ్డెక్కకూడదు. మస్తాన్ మాస్టారు పెట్టిన నియమాల్లో ఎవరూ నోరెత్తనిది ఇదొక్కటే. మిగతావాటికి, అంటే తెల్లవారుజామున నాలుగున్నరకి లేవడం, పరుగుకు ముందు అరటిపండు తప్ప ఏమీ ముట్టకపోవడం, సెలవన్న మాటే ఎత్తకపోవడం, వీటికి రోజూ ఎవరో ఒకరు సణుగుతూనే ఉండేవారు.

ఆ పొద్దున ఎస్తేరుది నీళ్ల వంతు. వేసవిలో ఆ వేళప్పుడు వాడరేవు సముద్రానికి ఇంకా నిద్ర చాలనట్టే ఉంటుంది. అల లేస్తుంది, ఏదో గుర్తొచ్చి ఆగుతుంది, మళ్లీ పడుకుంటుంది. ఆ నీళ్లను రెండు చేతులా వెనక్కి తోసుకుంటూ తీరం వెంట ఈదుతూ ఉండగా, ఆమె ఛాతీకి కట్టుకున్న పట్టీ వెచ్చబడింది. అంటే రోడ్డు మీద గోవర్ధనం పరుగు మొదలుపెట్టాడన్నమాట. చీరాలలో మందుల షాపు నడిపే ఆ భారీ మనిషి వేడి ఎప్పుడూ అంతే, చెప్పాపెట్టకుండా వచ్చిపడుతుంది. కాసేపటికి దాని కిందుగా ఇంకో వెచ్చదనం, పొయ్యి మీది పాలలా తీరిగ్గా కాగేది, వచ్చి కలిసింది. అది నర్సు శివలీలది. రెండు నెలలుగా కలిసి సాధన చేస్తున్నారు కనుక ఎవరి వేడి ఎవరిదో ఎస్తేరు కళ్లు మూసుకుని చెప్పగలదు. ఆ వేడి ఆమె ఒంట్లో నిలిచేది కాదు. వచ్చింది వచ్చినట్టే సముద్రంలోకి జారిపోయేది. అక్కడ రోడ్డు మీద గోవర్ధనానికి మాత్రం ఎవరో ఒంటికి తడిగుడ్డ చుట్టినట్టు హాయిగా ఉండేది.

ఇదంతా ఒక ఉప్పు చేస్తున్న పని.

డాక్టర్ హైమవతి పాతికేళ్లుగా ఉప్పు తప్ప మరో ధ్యాస లేని మనిషి. ఒకే గింజ చుట్టూ పేరుకున్న స్ఫటికాలు ముక్కలైపోయాక కూడా ఒకదాన్నొకటి మరిచిపోవని ఆమె ఒక మధ్యాహ్నం అనుకోకుండా కనిపెట్టింది. ఆమె గుప్పిట్లో ఒక ముక్క ఉంది. రెండు గదుల అవతల ఆమె శిష్యురాలు అదే గింజ తాలూకు ముక్కను పట్టుకుని కొలిమి దగ్గర నిలబడింది. కాలింది మాత్రం హైమవతి అరచెయ్యి. ఆ బొబ్బ తగ్గేలోగా ఆమె మిగతా సంగతీ తేల్చుకుంది. వేడి ఆ ముక్కలన్నిటి మధ్యా పంపకమైపోతుంది. ఎంత ఉప్పుంటే అంత వాటా. మధ్యలో గోడలున్నా కిలోమీటర్లున్నా దానికి పట్టదు. ఒకటే షరతు, మనిషి ఒంటి వెచ్చదనమూ తడీ తగలాలి. తీసి బల్ల మీద పెడితే ఉత్త ఉప్పే, కూరలో వేసుకోవచ్చు. బకెట్టు నీళ్లలో ముంచి దాన్ని మోసం చేద్దామంటే కుదరదు. ఎవరో ఒక మనిషి నీళ్లలో దిగాల్సిందే.

ఆమె ఆశ ఆటల గురించి కాదు. రోడ్డు మీద తారు పోసేవాళ్లు, బట్టీల్లో ఇటుక కాల్చేవాళ్లు, మే నెలలో పిట్టల్లా రాలిపోయే ఆ మనుషులందరి ఒంటి మీదా ఒక పట్టీ ఉండాలని ఆమె కల. ముందు ఎవరో ఒకరి మీద పరీక్షించాలి కదా. ఎండలో పరిగెత్తడమూ నీళ్లలో ఈదడమూ రెండూ ఇష్టపడి చేసే పిచ్చివాళ్లు ఎక్కడ దొరుకుతారని వెతికితే మస్తాన్ మాస్టారి గుంపు దొరికింది. జూన్ రెండో ఆదివారం వాడరేవులో పెద్ద ట్రయథ్లాన్ ఉంది. మూడు వేల ఎనిమిది వందల మీటర్ల ఈత, నూట ఎనభై కిలోమీటర్ల సైకిలు, ఆపైన నలభై రెండు కిలోమీటర్ల పరుగు. పోటీలో పట్టీలు కట్టుకోనివ్వరు. సాధనలో కట్టుకుంటే ఎవరూ కాదనరు. దెబ్బ తినకుండా ఎండను అలవాటు చేసుకోవచ్చని మాస్టారు ఒప్పుకున్నాడు.

గుంపులో ఈతకు ఎదురులేనిది ఎస్తేరు. చీరాల స్కూల్లో డ్రిల్లు టీచరు, ఇరవై ఏడేళ్లు. ఆమెను హైమవతికి చూపించింది వాళ్లమ్మ రాహేలమ్మే. అదెలాగో చెప్పాలి.

గాజుపాత్రల్లో పెంచితే ఆ ఉప్పు చెంచాడుకు మించి పేరేది కాదు. దానికి సముద్రపు నీరు కావాలి, గాలి కావాలి, నెలరోజుల ఎండ కావాలి. అందుకని హైమవతి చినగంజాం వైపు ఉప్పు మళ్లలో ఒక మడి బాడుగకు తీసుకుని, ఆ గింజను అందులో వేసింది. ఆ మడిలో పనిచేసే మనిషి రాహేలమ్మ. ముప్పై ఏళ్లుగా అదే పని. పొడుగుకర్రకు బిగించిన చెక్కతో మడిని ఆమె కలియదిప్పిన తీరు చూసి హైమవతికి ముచ్చటేసింది. మాటల్లో ఈత సంగతి వస్తే రాహేలమ్మ నడుం మీద చెయ్యేసుకుని, “ఈదే మడుసులు కావాలా మేడం? మా పిల్లుంది. సముద్రంలో దిగిందంటే మళ్లీ ఎప్పుడెక్కిద్దో ఆ దేవుడిక్కూడా తెలవదు. నాకైతే మోకాటి లోతుకే కళ్లు తిరుగుతయ్” అంది.

మార్చి మొదట్లో మడి పండింది. తెల్లగా, బియ్యపు నూకంత స్ఫటికాలు. కూలీలు వచ్చారు, కాటా వచ్చింది, రిజిస్టరు వచ్చింది. ప్రతి గ్రామూ లెక్కకు ఎక్కాలని హైమవతి పట్టుదల. ఆమె కాటా సరిచేసుకుంటున్న సమయంలో రాహేలమ్మ మడిలోకి వంగి, తొలి గుప్పెడు ఉప్పు తీసి, కళ్లకద్దుకుని, కొంగున ముడేసుకుంది. ఆ మళ్లలో పనిచేసే ఆడవాళ్లందరూ ఏటా చేసే పనే అది. తొలి గుప్పెడు మడి మనిషిది. దాన్ని తూచరు, అడగరు. అది ఆ ఏటి ఆవకాయలోకి పోతుంది. అక్కడున్న కూలీల్లో దాన్ని చూడనివాళ్లు లేరు, చెప్పాలని తోచినవాళ్లూ లేరు. సూర్యుడు తూర్పున పొడిచాడని ఎవరైనా ఎవరికైనా చెబుతారా?

ఆ తర్వాత తూచిన ఉప్పు పట్టీకి ఇరవై గ్రాముల చొప్పున ఎనిమిది పట్టీల్లోకి వెళ్లింది. మిగిలింది ప్రయోగశాలలో సీసాల్లో నిద్రపోయింది.

సాధన మొదలైన వారానికే ఫలితాలు హైమవతిని ఆశ్చర్యపరిచాయి. లెక్క ప్రకారం ఒళ్లు చల్లబడాల్సిన దానికన్నా ఎక్కువ చల్లబడుతోంది. ఆమె రెండు రోజులు తల పట్టుకుంది. మూడో రోజు, తప్పితే తప్పింది, మన మేలుకే తప్పింది కదా అనుకుంది. కష్టం వస్తే కారణం వెతుకుతాం గానీ సుఖానికి కారణం అడిగేవాళ్లెవరు?

ఏప్రిల్ గడిచి మే వచ్చింది. ఒకరోజు ఎస్తేరు పొద్దెక్కి ఇంటికొచ్చేసరికి రాహేలమ్మ సిమెంటు నేల మీద నీళ్లు చల్లుకుని వెల్లకిలా పడుకుని ఉంది.

“ఏందమ్మా, నేల తడుపుకొని పడుకున్నావు?”

“నడుమంతా సెగలు కొడతందే. ఈ ఏడు ఎండ నడుమ్మీద పడ్డది.”

“ఏదీ, చూపించు.”

రాహేలమ్మ రొంటిన దోపుకున్న వక్కాకు సంచిని గభాల్న కొంగుతో కప్పింది. ఆ పక్కన చర్మం కందిపోయి ఉండడం ఎస్తేరు చూసింది.

“చూసేదేముంది, చెమటకాయలు. పో, అన్నం తిను. ఇయ్యాల మీవోళ్లల్లో ఎవురో తెగ పరిగెత్తినట్టున్నారే?”

“నీకెట్టా తెలుసు?”

“నాకెట్టా తెలిసిద్ది? ఊరికే అడిగా.”

కంచంలో కొత్తావకాయ ఉంది. ఎస్తేరు ముద్ద నోట్లో పెట్టుకుని, “ఇదేందమ్మా, ఉప్పు తేడాగా ఉంది” అంది.

“కొట్లో పాకెట్టు తెచ్చి కలిపాలే.”

ముప్పై ఏళ్లు ఉప్పు తీసిన మనిషి కొట్లో ఉప్పు కొనడం ఏమిటని అడగాల్సిన ప్రశ్న ఎస్తేరు నోటిదాకా వచ్చింది. అప్పటికే నిద్ర ముంచుకొస్తోంది. తొంభై కిలోమీటర్లు తొక్కొచ్చిన కాళ్లు. రెండో ముద్దకే కళ్లు మూతలు పడ్డాయి. ఆ తర్వాత ఆమె తనను తాను ఆ ప్రశ్న ఎన్నిసార్లు అడిగిందో లెక్కలేదు.

మే మూడో శనివారం పోటీకి రిహార్సలు. దూరం సగమే గానీ వరస మాత్రం పోటీలోదే. ఎనిమిది మందీ కలిసి ఈదాలి, కలిసి తొక్కాలి, కలిసి పరిగెత్తాలి.

“ఇవాళ పట్టీలు మీకు సాయం చెయ్యవు,” అని హైమవతి ముందే చెప్పింది. “అందరూ ఒకేసారి వేడెక్కితే పంచుకోవడానికి చల్లదనం ఎక్కణ్నుంచి వస్తుంది? ఊరికే కొలతల కోసం కట్టుకోండి. ఇబ్బంది అనిపిస్తే ఆగిపోండి.”

ఆరున్నరకల్లా సముద్రం నుంచి లేచారు. పదింటికి సైకిళ్లు దిగి ఉప్పు మళ్ల మధ్య గట్టు బాట మీద పరుగు మొదలుపెట్టారు. గాలి లేదు. రెండు పక్కలా తెల్లటి మళ్లు ఆకాశంలో కలిసిపోయి, అంచెక్కడో తెలియకుండా ఉన్నాయి. తాటాకులు కప్పిన ఉప్పు కుప్పలు ఎండమావుల్లో నేలకు జానెడు ఎత్తున తేలుతున్నాయి. మడుల్లో వంగి పనిచేసేవాళ్లు కాళ్లు లేకుండా, నడుం నుంచి పైకి మాత్రమే కదులుతూ కనిపిస్తున్నారు. అందులో ఎక్కడో అమ్మ ఉంటుంది. ఎస్తేరు చెయ్యి ఊపింది, ఎవరికో తెలియకుండానే. ఆమెకు తను పరిగెత్తుతున్నట్టు లేదు. ఎవరో మెల్లగా మోసుకుపోతున్నట్టు ఉంది. ఒళ్లు తేలిగ్గా, చల్లగా ఉంది. ఇంత ఎండలో ఇంత హాయి ఏమిటని నవ్వొచ్చింది కూడా.

పద్నాలుగో కిలోమీటరు దగ్గర నీళ్లివ్వడానికి వ్యాను ఆగి ఉంది. హైమవతి చేతిలో పలకలాంటి తెర పట్టుకుని చిన్నపిల్లలా గంతులేస్తోంది.

“బయట నలభై నాలుగు! మీలో ఎవరి ఒళ్లూ ముప్పై ఎనిమిది దాటలేదు. ఒక్కరిదీ దాటలేదు!”

గోవర్ధనం నెత్తిన నీళ్లు గుమ్మరించుకుంటూ, “మనం ఈ దెబ్బతో ఫస్టే మాస్టారూ” అన్నాడు. మస్తాన్ మాస్టారు మోపెడ్ మీద కూర్చుని గడ్డం నిమురుకున్నాడు.

ఎస్తేరు గ్లాసు దించి అడిగింది. స్కూల్లో పిల్లలు అడిగినంత మామూలుగా అడిగింది.

“నీళ్లల్లో ఎవురూ లేరుగా మేడం. మరి మా వేడంతా ఎటు పోతంది?”

హైమవతి ముఖాన నవ్వు ఇంకా ఉంది. పెదవులు మాత్రం ఏదో లెక్క మొదలుపెట్టాయి. లెక్క ముందుకు సాగిన కొద్దీ నవ్వు తగ్గుతూ వచ్చింది.

“ఎటో పోవాలి,” అంది చివరికి. “వేడి మాయం కాదు. ఎటో పోయే తీరాలి.”

ఆ మాట అయ్యీ కాకముందే పట్టీలు వేడెక్కాయి. పరుగు ఆపి నిలబడ్డ మనుషులు, నెత్తిన నీళ్లు కారుతున్న మనుషులు, ఎనిమిది మందీ ఒక్కసారే ఛాతీ మీద చెయ్యి వేసుకున్నారు.

“ఇది పరుగు వేడి కాదు,” అంది శివలీల. వార్డుల్లో పదేళ్లు చేసిన చెయ్యి ఆమెది. “ఇది జ్వరం. ఎవురికో ఒళ్లు కాలిపోతంది.”

ఎస్తేరు కళ్లు మూసుకుంది. ఈ వేడి తనకు తెలుసు. రెండు నెలలకు పైగా రోజూ, గోవర్ధనం వేడికీ శివలీల వేడికీ అడుగున, సన్నగా, తెంపు లేకుండా ఉంటూనే ఉంది. ఇన్నాళ్లూ దాన్ని తన సొంత వేడే అనుకుంది. ఆ పాకెట్టు ఉప్పు ఆవకాయ, కొంగు కింద దాచిన సంచి, నడుం మీది ఎర్రటి మచ్చ, ఒక్కొక్కటే కళ్ల ముందుకొచ్చాయి.

“మేడం, ఆ మడి ఉప్పులో తొలి గుప్పెడు తూచారా?”

“తొలి గుప్పెడేంటి?” అంది హైమవతి. ఆమె ఆ మాట పూర్తి చేసేసరికి ఎస్తేరు గట్టు దిగి మళ్లకు అడ్డంపడి పరిగెడుతోంది.

ఉప్పు నిలవచేసే కొటారు నీడలో రాహేలమ్మను పడుకోబెట్టి చుట్టూ ఆడవాళ్లు నీళ్లు చల్లుతున్నారు. కళ్లు సగం తెరుచుకుని ఉన్నాయి గానీ చూపు లేదు. ఒంటి మీద చెమట చుక్క లేదు. ముట్టుకుంటే పెనం మీద చెయ్యి పెట్టినట్టుంది. రొంటిన ఆ సంచి అలాగే ఉంది.

“గంట నించీ తల దిమ్ముగా ఉందంటానే ఉందే,” అని తోటి కూలీ మార్తమ్మ ఏడుస్తోంది. “ఇంటికి పోవే అంటే ఇనలా. ‘మా పిల్లోళ్లు పరిగెత్తతన్నారు, అయిపోనీ’ అంటది. నాకేం అర్థమయ్యిద్ది?”

వెనకే బయల్దేరిన వ్యాను మళ్ల బురదలో దిగబడితే, హైమవతీ మిగతావాళ్లూ పరిగెత్తుకొచ్చారు. ఆమె సంచిలోని ఉప్పును తడిమి చేత్తో తూచింది. “వంద గ్రాములుంటుంది. ఒక్క మనిషి ఐదు పట్టీల వాటా మోసింది. ముందు దీన్ని తీసెయ్యండి!”

ఎస్తేరు ఆమె మణికట్టు పట్టుకుంది. “తియ్యొద్దు మేడం. ఆ వేడి వచ్చిన దోవనే పోవాల.”

శివలీలకు ముందు అర్థమైంది. అంబులెన్స్‌కు ఫోన్ చేస్తే ముప్పావుగంట అన్నారు. ఐసు లేదు, ఫ్యాను లేదు. సముద్రం మాత్రం రెండు కిలోమీటర్ల దూరంలో ఉంది. “అందరూ పోయి నీళ్లల్లో దిగండి,” అంది తన పట్టీ సరిచేసుకుంటూ. “నేను ఈమెను చూసుకుంటా. సంచి మీద తడిగుడ్డ ఆరనీను.”

“పదండ్రా!” అని అరిచాడు మస్తాన్ మాస్టారు. ఎస్తేరు వైపు తిరిగి గొంతు తగ్గించాడు. “నువ్వు మీ అమ్మ కాడ ఉండు తల్లీ. ఆరుగురున్నారు. చాల్లే.”

ఎస్తేరు తల్లి చెయ్యి పట్టుకుని కూలబడింది. ఇక్కణ్నుంచి లేవకూడదని ఒళ్లంతా చెబుతోంది. ఈ చెయ్యి వదిలి వెళితే, తిరిగొచ్చేసరికి ఉంటుందో ఉండదో. అప్పుడు మార్తమ్మ ముక్కు చీదుకుంటూ అంది.

“రోజూ తెల్లారగట్ల గట్టు మీద కూకుని ఆ సంచి పిడికిట్లో పట్టుకునేదే. సల్లబడంగానే ‘మా పిల్ల నీళ్లల్లో దిగింది’ అనేది. ఎచ్చబడితే ‘ఎక్కింది’ అనేది. అప్పుడుగాని పన్లోకి వచ్చేది కాదు. మేడానికి చెప్పకే, అడిగి తీసుకుంటది అని నాతో ఒట్టేయించుకుంది.”

ఎస్తేరు తల్లి చేతిని ఎత్తి, ఆ సంచి మీద పెట్టి, వేళ్లు ముడిచింది. నుదుటి మీద ముద్దు పెట్టింది. లేచి పరుగు తీసింది.

ఆ రెండు కిలోమీటర్లు ఎలా పరిగెత్తిందో ఆమెకు గుర్తులేదు. పట్టీ ఛాతీని కాలుస్తోంది. కాలుతోందంటే అమ్మ ఉందన్నమాట. అది ఒక్కటే ఆలోచన. ఇసక దాటి, అల దాటి, మెడలోతు నీళ్లలో ఆరుగురూ ఉన్నచోటికి ఈదింది. మిట్టమధ్యాహ్నం సముద్రం చల్లగా ఏమీ లేదు, గోరువెచ్చగా ఉంది. అయినా ఆ ఒంటి మంట ముందు అది చల్లనిదే. ఏడుగురూ గుండ్రంగా నిలబడి చేతులు పట్టుకున్నారు.

ఎండ నీళ్ల మీద పగిలి కళ్లలో పడుతోంది. అల వచ్చినప్పుడు ఏడుగురూ లేచేవారు, పోయినప్పుడు దిగేవారు. రాహేలమ్మ జ్వరం ఏడు గుండెల మీదుగా నీళ్లలోకి దిగుతోంది. ఎస్తేరు కళ్లు మూసుకుంటే ఆ వేడిలో ఏవేవో తెలిశాయి. తెల్లవారుజామున గట్టు మీద చల్లటి మట్టి, కర్ర పట్టి పట్టి కాయలు కాసిన అరచేతులు, నీళ్లంటే భయం. అవి నిజంగా ఉప్పు తెచ్చినవో, అలసిన తలలో కలలాగా లేచినవో ఆమెకు తెలియదు. సైకిలు తొక్కిన కాళ్లకు తిమ్మిర్లెక్కి గోవర్ధనం మూలిగాడు. ఒడ్డెక్కమంటే తల అడ్డంగా ఊపాడు. పైనున్న మనిషి ఆగేదాకా కిందున్నవాళ్లు లేవకూడదు.

ఎంతసేపైందో, పట్టీ చల్లబడడం మొదలైంది. వేడి తగ్గింది, వెచ్చదనమైంది, ఆ వెచ్చదనమూ పోయింది. మనిషి ఒంటి వెచ్చదనం తగలకపోతే ఆ ఉప్పు నిద్రపోతుందని హైమవతి చెప్పిన మాట గుర్తొచ్చింది. చల్లబడింది జ్వరం తగ్గా, లేక…

“మాస్టారూ!” అని అరిచింది. ఒడ్డున మస్తాన్ మాస్టారు ఫోను పైకెత్తి అటూ ఇటూ తిరుగుతున్నాడు. సిగ్నలు లేదు.

అప్పుడు ఛాతీ మీద సన్నగా ఒక వెచ్చదనం తగిలింది. పోయింది. మళ్లీ తగిలింది. పోయింది. జ్వరం కాదు, పరుగు కాదు. ఎవరో గుప్పిట్లో ఉప్పును బిగించి, వదిలి, మళ్లీ బిగిస్తున్నట్టు ఉంది.

ఎస్తేరు నీళ్లలోనే భోరున ఏడ్చింది. “దిగానమ్మా,” అంది. “దిగాను. ఇక్కడే ఉన్నా.”

కొటారులో ఆ సమయానికి రాహేలమ్మ కళ్లు తెరిచి, “సల్లబడింది. మా పిల్ల దిగిందా?” అని అడిగిందని శివలీల తర్వాత చెప్పింది. ఆమెను ఆసుపత్రిలో చేర్చారని కబురొచ్చేదాకా, అంటే రెండున్నర గంటలు, ఏడుగురూ నీళ్లలోనే ఉన్నారు.

రాహేలమ్మ బతికింది. తొమ్మిదో రోజున ఇంటికొచ్చింది. ఆ జ్వరం ఊరికే పోలేదు, ఒకటి పట్టుకుపోయింది. ఆమెకు ఇప్పుడు వేడీ చల్లదనమూ తెలియవు. కాగే గిన్నె పట్టుకుని, చెయ్యి బొబ్బలెక్కాక చూసుకుంటుంది. అలాంటి మనిషి ఎండలో పనికి పోకూడదని డాక్టర్లు చెప్పారు. ముప్పై ఏళ్ల మడి ఆమెకు లేకుండా పోయింది.

హైమవతి రిజిస్టరు పట్టుకుని వచ్చింది. మొదటి పేజీలో, మొదటి వరసకు పైన, ‘తొలి గుప్పెడు, తూచలేదు’ అని రాసి చూపించింది.

“లెక్క తప్పిన రోజే అడిగి ఉండాల్సింది,” అంది. “నాది తప్పే. కానీ ఎస్తేరూ, ఈ ఉప్పుతో వేలమందిని కాపాడొచ్చమ్మా. ఈసారి జాగ్రత్తగా చేద్దాం.”

ఎస్తేరు కోపంగా ఏమీ అనలేదు. “ఎండలో ఉండేవోళ్లు వేలమంది ఉన్నారు మేడం. వాళ్ల కోసం రోజంతా నీళ్లల్లో ఎవురుంటారు? మేమంటే ఒకరినొకరం ఎరుగుదుం కాబట్టి ఉన్నాం. రేపు ఆ వేడి ఎవురి రొంటిన పడిద్దో మీకు తెలిసిద్దా?”

హైమవతి రిజిస్టరు మూసింది. మర్నాడు సీసాలూ పట్టీలూ తెచ్చి, ఎనిమిది మంది చూస్తుండగా ఉప్పంతా అలల్లో కలిపేసింది. రాహేలమ్మ సంచి విప్పి ఇవ్వడానికి కాస్త మొరాయించింది. చివరికి ఇచ్చింది. “ఇంక నువ్వు దిగింది నాకెట్టా తెలిసిద్దే?” అని మాత్రం అడిగింది.

జూన్ రెండో ఆదివారం, తెల్లవారుజామున వాడరేవు ఒడ్డున నాలుగు వందల మంది రంగురంగుల టోపీలు పెట్టుకుని నిలబడ్డారు. మస్తాన్ మాస్టారు ఎనిమిది అరటిపండ్లు పంచాడు. ఈసారి ఎవరి వేడి వాళ్లదే. రాహేలమ్మను తెచ్చి తడి ఇసకలో కుర్చీ వేసి కూర్చోబెట్టారు. చిన్న అల వచ్చి ఆమె పాదాలు తడిపి పోయింది. ఆమె వంగి నీళ్లను చేత్తో ముట్టుకుంది. అరచెయ్యి తిప్పి చూసుకుంది. ఏమీ తెలియలేదు.

ఎస్తేరు నడుంలోతు నీళ్లలోకి వెళ్లి ఆగింది. అందరి ముఖాలూ సముద్రం వైపు ఉన్నాయి. ఆమె ఒక్కతే వెనక్కి తిరిగింది.

“అమ్మా!” అని గొంతెత్తి అరిచింది. “దిగానమ్మా!”

రాహేలమ్మ కుర్చీలోంచి లేచి, రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని అరిచింది. “సల్లగున్నయ్యా?”

ఈల మోగింది. నాలుగు వందల మంది ఒక్కసారిగా నీళ్లలోకి దూకారు. ఎస్తేరు దూకలేదు. తల్లికి సరిగ్గా వినపడేలా, ఒక్కొక్క మాటా విడదీసి చెప్పింది.

“సల్లగున్నయ్యమ్మా! శానా సల్లగున్నయ్!”

రాహేలమ్మ తల ఊపి మళ్లీ కుర్చీలో కూర్చుంది. అప్పుడు ఎస్తేరు, అందరికన్నా ఆఖరున, ఈదడం మొదలుపెట్టింది.